సామాజిక సేవా సహాయకులుగా తొలి గృహ సందర్శనకు ముందు జాగ్రత్తలు

ఏ ఇంటికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో పర్యవేక్షకులకు రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కుటుంబం పాత ఫైలు చదివిన తరువాతే బయలుదేరండి. గుర్తింపు కార్డు మరువకండి.

"ఎవరికీ చెప్పను" అని మాత్రం ఎన్నడూ మాట ఇవ్వకండి. పిల్లలకో వృద్ధులకో హాని జరుగుతోందని తెలిస్తే పై అధికారులకు నివేదించక తప్పదు కాబట్టి, గోప్యతకు ఉన్న ఈ పరిమితిని సంభాషణ మొదట్లోనే వివరించడం న్యాయం. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నివేదికలో మీ అభిప్రాయాన్ని, కంటితో చూసినదాన్ని కలపకండి. "ఇంట్లో నిర్లక్ష్యం కనిపించింది" అనడం కన్నా, "పసివాడికి అందే ఎత్తులో మందుల సీసా మూత లేకుండా ఉంది" అని రాస్తే నిర్ణయం తీసుకునేవారికి ఉపయోగపడుతుంది.

భాష తెలియని ఇంట్లో పిల్లలను దుబాసీలుగా వాడకండి. సొంత డబ్బు అప్పుగా ఇవ్వకండి.