ఘానా ఆసుపత్రిలో వాలంటీరుగా వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

ఘానాలో, కుమాసీకి దగ్గరలోని ఒక జిల్లా ఆసుపత్రిలో ఎంబీబీఎస్ విద్యార్థిగా వాలంటీరు పని చేసి వచ్చాను. అప్పటి నుంచి వెళ్లాలనుకునే జూనియర్లు ఫోన్ చేస్తే వీసా గురించి, తిండి గురించే అడుగుతున్నారు. అవి ఎలాగోలా సర్దుకుంటాయి. ముందే చూసుకోకపోతే ప్రాణం మీదకు తెచ్చేవి వేరే ఉన్నాయి.

మొదట టీకాలు. ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ లేకుండా ఘానాలో అడుగుపెట్టనివ్వరు. టీకా వేయించుకున్న పది రోజులకు గానీ అది చెల్లదు కాబట్టి చివరి వారం దాకా ఆగకండి. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక్క డోసు చాలు, 2016 నుంచి అది జీవితాంతం చెల్లుతోంది. ఆ సర్టిఫికెట్ ఉండే పసుపు పుస్తకాన్ని పాస్‌పోర్టుతో పాటే ఉంచండి. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో చూపించలేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. గుడ్డు తీవ్రంగా పడనివాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

హెపటైటిస్ బి విషయంలో చాలామంది తేలిగ్గా ఉంటారు. మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది. చిన్నప్పుడే వేయించారని ఊరుకోకుండా ఒంట్లో రక్షణ ఉందో లేదో తెలిపే యాంటీ-హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించుకుని, విలువ 10 పైన ఉందో లేదో చూసుకోండి.

అక్కడ మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది, అదీ ఎక్కువగా ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. నివారణ మందు తప్పనిసరి. డాక్సీసైక్లిన్ చవకే గానీ, దాంతో ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, తిరిగొచ్చాక నాలుగు వారాలు వాడాలి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ఖరీదైనది, అయితే వచ్చాక ఏడు రోజులు వాడితే సరిపోతుంది. ఏది మీకు సరిపడుతుందో డాక్టరు చెప్పాలి. దోమతెర మాత్రం ఎవరినీ అడగక్కర్లేదు, పెట్టెలో పెట్టేసుకోండి.

ఇక వార్డు సంగతి. నాకు అన్నిటికంటే భయం వేసేది సూది గుచ్చుకోవడం. వాడిన సూదులు వేసే అట్టపెట్టె ముప్పావు వంతు నిండగానే మూసేయాలి. రద్దీ వార్డులో అది అంచు దాకా నిండి, సూది మొనలు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. అలాంటి పెట్టెలోకి చేత్తో నొక్కి ఏదీ వేయొద్దు, ఇంకో పెట్టె అడగండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు. ఒకవేళ గుచ్చుకుంటే పిండకుండా సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటాక ఉపయోగం ఉండదు, 28 రోజులు వాడాలి. అందుకే మొదటి రోజే ఒక ప్రశ్న అడగండి: ఆదివారం రాత్రి గుచ్చుకుంటే ఆ మందుల అల్మారా తాళం ఎవరి దగ్గర ఉంటుంది? సరైన జవాబు రాకపోతే, ఇక్కడి డాక్టరు చేత రాయించుకుని కొన్ని రోజులకు సరిపడా మందు వెంట తీసుకెళ్లండి. గ్లౌజులు, ఎన్95 మాస్కులు కూడా మీవి మీరే పట్టుకెళ్లండి. అక్కడున్న కాస్త సరుకు రోగులకే మిగలాలి.

మీకు రాని పని చేయకండి. ఇది మీ కోసమే కాదు, రోగి కోసం. ఒక రాత్రి కరెంటు పోయింది. ప్రసవాల గదిలో నర్సు ఫోన్ లైటు పట్టుకుని, కుట్లు వేస్తావా అని నన్ను అడిగింది. ఎప్పుడూ వేయలేదు సిస్టర్, లైటు నేను పట్టుకుంటాను, మీరు వేయండి అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు, ఫోన్ నా చేతికిచ్చి పనిలో పడింది. తెల్లకోటు వేసుకున్న విదేశీయులంటే పెద్ద డాక్టర్లని రోగులు నమ్ముతారు. ఆ తల్లి అభ్యంతరం చెప్పే స్థితిలో ఉండదు. మన కాలేజీ ఆసుపత్రిలో మిమ్మల్ని చేయనివ్వని పని అక్కడా చేయకూడదు, అక్కడివాళ్లు అడిగినా సరే. పర్యవేక్షించే డాక్టరు ఎవరో, ఏ పనుల వరకు అనుమతో బయల్దేరకముందే ఆసుపత్రి నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. అది ఇవ్వకుండా "అన్నీ చేయిస్తాం" అని డబ్బు కట్టించుకునే ఏజెన్సీ అయితే మానేయండి. రోగుల ఫొటోలు, ముఖ్యంగా పిల్లలవి, అసలు తీయొద్దు.

బయట తిరిగేటప్పుడు రాత్రిళ్లు ట్రోట్రో అనే షేర్ వ్యాన్లలో ఊళ్లు దాటకండి. అక్కడ రోడ్డు ప్రమాదాల బెడద రోగాలకు తక్కువేమీ కాదు. ఇన్సూరెన్స్‌లో అత్యవసరంగా వేరే దేశానికి తరలించే ఖర్చు కూడా ఉందేమో చూసుకోండి.

తిరిగొచ్చాక కొన్ని నెలల పాటు ఎప్పుడు జ్వరం వచ్చినా వైరల్ అనుకుని పారాసిటమాల్‌తో సరిపెట్టకండి. ఆ రోజే మలేరియా పరీక్ష చేయించుకోండి, ఘానా వెళ్లొచ్చానని డాక్టరు అడగకముందే చెప్పండి. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష కూడా.