ట్రాక్ మీద టర్బో, ఎన్ఏ కార్లు: మూడో ల్యాప్ నుంచి మొదలయ్యే సమస్యలు, పరిష్కారాలు

టర్బో మంచిదా, ఎన్ఏ (టర్బో లేకుండా మామూలుగా గాలి పీల్చుకునే ఇంజన్) మంచిదా అని అడిగేవాళ్లు ఎక్కువగా బ్రోచర్‌లో హార్స్‌పవర్ చూసి అడుగుతారు. ట్రాక్ డేకి (సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడిపే రోజు) వెళ్లొచ్చినవాళ్లు మాత్రం "బండి మొదట బాగానే లాగింది, తర్వాత ఏమైందో తెలీదు" అంటూ వస్తారు. హైదరాబాద్, విజయవాడ, నెల్లూరు నుంచి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్లే మనవాళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. అక్కడి ఎండ, ఉక్కపోత అలాంటివి మరి.

నా లెక్కలో టర్బో మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు వేడి గురించే. ఎన్ఏ మీద వచ్చేవి చాలావరకు గేర్ గురించి, కార్నర్‌లో స్పీడ్ గురించి. కాబట్టి కారు అమ్మేద్దామనో రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయిద్దామనో అనుకునే ముందు టైమ్ ఎక్కడ పోతోందో చూడండి. దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఓబీడీ పోర్టులో (కారు కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) పెట్టే చిన్న అడాప్టర్, ఫోన్‌లో జీపీఎస్ ల్యాప్ టైమర్ చాలు. ల్యాప్ ల్యాప్‌కీ స్ట్రెయిట్ చివర స్పీడ్ తగ్గుతూ వస్తుంటే అది వేడి సమస్య. మొదటి ల్యాప్ నుంచీ ఒకే కార్నర్ దగ్గర టైమ్ పోతుంటే ఇంజన్‌ని తిట్టి లాభం లేదు.

రెండు ల్యాపులు బాగా లాగింది, మూడోదాంట్లో పికప్ పడిపోయింది (టర్బో)

టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది, ఏ లైటూ వెలగలేదు, అయినా బండి బరువెక్కినట్టు ఉంటుంది. ముల్లుని నమ్మకండి. ఇప్పటి కార్లలో చాలావాటికి కూలెంట్ వేడి కొంత అటూ ఇటూ అయినా ముల్లు కదలకుండా మధ్యలోనే నిలిచేలా సెట్ చేసి ఉంటుంది. పైగా ఇక్కడ చూడాల్సింది కూలెంట్ వేడి కాదు, ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడి.

టర్బో గాలిని నొక్కుతుంది. నొక్కితే గాలి వేడెక్కుతుంది. ఆ వేడిని తగ్గించడానికి ఇంటర్‌కూలర్ ఉంది. రోడ్డు మీద ఓవర్‌టేక్ కోసం పది సెకన్లు తొక్కి వదిలేస్తాం కాబట్టి దానికి చల్లారే తీరిక ఉంటుంది. ట్రాక్ మీద ఆ తీరిక ఉండదు. ఒకే ప్రెషర్ దగ్గర 30 డిగ్రీల గాలితో పోలిస్తే 70 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 12 శాతం తక్కువ. కథ అంతటితో ఆగదు. వేడి గాలితో ఇంజన్‌లో నాకింగ్ (పెట్రోల్ అదుపు తప్పి తనంతట తానే మండి ఇంజన్‌ని కొట్టడం) వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, స్పార్క్‌ని ఆలస్యం చేస్తుంది, అవసరమైతే బూస్ట్ కూడా తగ్గిస్తుంది. బండి తనను తాను కాపాడుకుంటోంది. మీకు మాత్రం పవర్ పోయినట్టు అనిపిస్తుంది.

ముందు డబ్బు ఖర్చు కాని పనులు చేయండి. ఓబీడీలో ఇన్‌టేక్ గాలి టెంపరేచర్, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) రెండూ రికార్డు చేయండి. మొదటిది ఎక్కుతూ రెండోది పడుతూ ఉంటే అనుమానం అక్కర్లేదు. ఒక వార్మప్ ల్యాప్, రెండు గట్టి ల్యాపులు, ఒక నెమ్మది ల్యాప్ చొప్పున నడపండి. నెమ్మది ల్యాప్‌లో పెద్ద గేర్, తక్కువ ఆర్‌పీఎం ఉండాలి, కానీ బండి కదులుతూ ఉండాలి. ముందున్న కారుకి అతుక్కుని వెళ్తే దాని వేడి గాలంతా మీ ఇంటర్‌కూలర్‌కే. పొద్దున మొదటి సెషన్ దొరికితే వదులుకోకండి. ఏసీ ఆపేయండి, పిట్‌కి రాగానే బానెట్ ఎత్తండి.

తర్వాత బంపర్ లోపల చూడండి. ఇంటర్‌కూలర్ రేకులు వంగిపోయాయా, పురుగులూ మట్టీ పట్టాయా? బంపర్ గ్రిల్‌కీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య ఖాళీ ఉంటే గాలి పక్కల నుంచి జారిపోతుంది. ఆ ఖాళీని వేడికి తట్టుకునే ఫోమ్‌తో మూసేస్తే కొన్ని వందల రూపాయల్లో పనవుతుంది. పెద్ద ఇంటర్‌కూలర్ దీని తర్వాతి మాట. అది వేడి తగ్గిస్తుంది కానీ నింపాల్సిన గాలి పెరిగి టర్బో లాగ్ (తొక్కాక పవర్ రావడానికి పట్టే ఆలస్యం) కాస్త ఎక్కువవుతుంది. వెనకున్న రేడియేటర్‌కి గాలి అడ్డుకుంటే ఇంకో సమస్య మొదలు.

రీమ్యాప్ అన్నిటికంటే చివర. వేడితో బాధపడే కారుకి బూస్ట్ పెంచితే వేడి ఇంకా పెరుగుతుంది. ఒక ల్యాప్ కోసం అయితే సరే, 15 నిమిషాల సెషన్‌కి అది పనికిరాదు. ఇది కొత్తవాళ్ల తప్పు అనుకోకండి. 2017లో వచ్చిన హోండా సివిక్ టైప్ ఆర్ ట్రాక్ మీద వేడెక్కుతోందని ఓనర్లు మొత్తుకున్నాక, 2020 మార్పుల్లో హోండా దాని ముందు గ్రిల్ రంధ్రాన్ని పెద్దది చేసి, రేడియేటర్‌నీ మార్చింది.

పెట్రోల్ సంగతి ఒక్క ముక్క. ఫ్యూయల్ మూత మీద 95 ఆక్టేన్ అడిగే టర్బో కారుకి ట్రాక్ రోజున ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోల్ పోస్తే తేడా కనిపించొచ్చు, నాకింగ్‌కి దూరంగా ఉంటుంది కాబట్టి. 91కి ట్యూన్ చేసిన మామూలు ఎన్ఏ కారుకి అదే పోస్తే పంపు వాడికే లాభం.

కార్నర్ నుంచి బయటికి వస్తూ తొక్కితే ఒక క్షణం ఏమీ లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా తన్నింది (టర్బో)

కార్నర్‌లోకి వెళ్తూ యాక్సిలరేటర్ వదలగానే ఎగ్జాస్ట్ వేగం పడిపోయి టర్బైన్ నెమ్మదిస్తుంది. మళ్లీ తొక్కాక అది తిరగడానికి టైమ్ పడుతుంది. 1977లో రెనో మొదటిసారి టర్బో కారుని ఫార్ములా వన్‌లోకి దింపినప్పుడు డ్రైవర్లను ఏడిపించింది ఇదే. ఇప్పటి చిన్న టర్బోల్లో లాగ్ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. అసలు ఇబ్బంది ఆ తర్వాత ఉంది. ఆలస్యంగా వచ్చిన టార్క్ (చక్రాల్ని తిప్పే బలం) అంతా ఒకేసారి, స్టీరింగ్ ఇంకా తిప్పి ఉండగానే వస్తుంది. ముందు చక్రాలకి పవర్ వెళ్లే కారైతే బండి బయటికి జారుతుంది. వెనక చక్రాలకి వెళ్లేదైతే తోక తిరుగుతుంది.

చాలామంది ఇక్కడ ఇంకా గట్టిగా తొక్కుతారు. అది తిరగబడుతుంది. బ్రేకింగ్ కాస్త ముందుగా ముగించి, ఏపెక్స్ (కార్నర్ లోపలి అంచుకి కారు దగ్గరయ్యే చోటు) రాకముందే పాదం బరువు కొద్దిగా, పది ఇరవై శాతం యాక్సిలరేటర్ మీద పెట్టండి. మీకు పవర్ కావాల్సిన చోటికి టర్బో సిద్ధంగా ఉంటుంది. పట్టు దొరక్క చక్రం గిర్రున తిరుగుతుంటే ఒక గేర్ పైకి వేయండి. ఎన్ఏ కారు రెండో గేర్‌లో తీసుకునే కార్నర్‌ని చాలా టర్బో కార్లు మూడులో హాయిగా తీసుకుంటాయి. ఎడమ కాలితో బ్రేక్ పట్టి కుడి కాలితో తొక్కే చిట్కా రేసర్ల వీడియోల్లో బాగుంటుంది. రోడ్డు కార్లలో చాలావాటిలో రెండు పెడల్సూ కలిపి నొక్కితే ఈసీయూ పవర్ కట్ చేస్తుంది.

ఈ తన్నుడు గురించి ఫెరారీ కూడా ఆలోచించాల్సి వచ్చింది. 458 ఇటాలియాలో 4.5 లీటర్ల ఎన్ఏ వీ8 540 ఎన్ఎం టార్క్‌ని 6,000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. 2015లో దాని స్థానంలో వచ్చిన 488 జీటీబీ టర్బో ఇంజన్ 760 ఎన్ఎంని 3,000 దగ్గరే ఇస్తుంది. కానీ ఆ మొత్తం టార్క్ ఏడో గేర్‌లోనే. కింది గేర్లలో ఎలక్ట్రానిక్స్‌తో టార్క్ తగ్గించి, ఆర్‌పీఎంతో పాటు క్రమంగా పెరిగేలా మలిచారు. అంటే టర్బో ఇంజన్ కట్టి దానికి ఎన్ఏ నడవడిక నేర్పించారు.

రెడ్‌లైన్ (ఆర్‌పీఎం మీటర్లో ఎర్ర గీత) దాకా లాగినా టైమ్ తగ్గడం లేదు (చిన్న టర్బో)

ఎన్ఏ అలవాటుతో టర్బో నడిపేవాళ్ల సమస్య. పోలో 1.0 టీఎస్‌ఐ తీసుకోండి. 110 పీఎస్ పవర్ 5,000 నుంచి 5,500 మధ్య వస్తుంది. ఆ తర్వాత చిన్న టర్బోకి ఊపిరి చాలదు, శబ్దమే ఎక్కువ. 5,700 దగ్గర గేర్ మార్చేయండి. పక్క గేర్‌లో టార్క్ సిద్ధంగా ఉంటుంది.

కార్నర్ బయట బండి ఈడుస్తోంది, టర్బో కార్లు దాటిపోతున్నాయి (ఎన్ఏ)

ఎన్ఏ ఇంజన్‌కి పవర్ ఆర్‌పీఎంలోనే ఉంటుంది. హోండా ఎస్2000 దీనికి మంచి ఉదాహరణ. 2.0 లీటర్లు, 9,000 దాకా తిరిగే ఇంజన్, దాదాపు 6,000 దగ్గర వీటెక్ (ఎక్కువ ఆర్‌పీఎంకి తగ్గట్టు వాల్వుల తీరు మార్చే ఏర్పాటు) మారుతుంది. అంతకు కింద అది మామూలు కారు. కార్నర్‌లో ఆర్‌పీఎం 4,500కి పడనిస్తే తర్వాతి స్ట్రెయిట్ సగం వరకు మీరు ఎదురుచూస్తూనే ఉంటారు. మన హోండా సిటీ, స్విఫ్ట్ లాంటి వాటికీ తక్కువ మోతాదులో ఇదే వర్తిస్తుంది.

మొదట గేర్ చూడండి. అనుమానం ఉన్న కార్నర్‌ని ఒక సెషన్ మూడో గేర్‌లో, ఇంకో సెషన్ రెండులో తీసుకుని ల్యాప్ టైమ్‌తో పాటు స్ట్రెయిట్ చివరి స్పీడ్ కూడా పోల్చండి. రెండు నుంచి మూడుకి కార్నర్ మధ్యలోనే మార్చాల్సి వస్తే మూడే మేలు. కిందికి మార్చేటప్పుడు హీల్ అండ్ టో (కుడి పాదంతో బ్రేక్ పడుతూనే యాక్సిలరేటర్ తట్టడం) రాకపోతే చాలామంది గేర్ వేయడానికి భయపడి పెద్ద గేర్‌లోనే వెళ్లిపోతారు. అలాంటప్పుడు కారుకి పవర్ లేదనడం అన్యాయం.

గేర్ సరిగ్గానే ఉంటే జీపీఎస్‌లో కార్నర్ కనీస స్పీడ్ చూడండి. ఎన్ఏ కారులో లాభమంతా అక్కడే ఉంది. కార్నర్‌లో పోగొట్టుకున్న స్పీడ్‌ని టర్బో టార్క్‌తో కొంత తిరిగి తెచ్చుకోవచ్చు, ఎన్ఏలో కుదరదు. అందుకే ఎన్ఏ నడిపేవాళ్లు ఇంజన్ మీద పెట్టే ప్రతి రూపాయినీ ముందు టైర్ల మీద, అలైన్‌మెంట్ మీద పెట్టాలని నా అభిప్రాయం. ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ మార్చి అయిదారు హార్స్‌పవర్ వచ్చిందని సంబరపడేకన్నా మంచి టైర్లతో కార్నర్‌లో నాలుగైదు కి.మీ. స్పీడ్ ఎక్కువ నిలుపుకోవడం నయం.

ఎన్ఏకి దక్కే మేలు కూడా ఇక్కడే ఉంది. పాదం ఎంత కదిలితే పవర్ అంతే కదులుతుంది. కార్నర్ మధ్యలో యాక్సిలరేటర్‌తోనే కారు ముక్కుని సర్దుకోవచ్చు. పోర్షా 2015లో మామూలు 911 కరెరాని టర్బోకి మార్చినా, ట్రాక్ కోసం చేసే 911 జీటీ3కి 9,000 దాకా తిరిగే ఎన్ఏ ఇంజన్నే ఉంచింది.

పొడుగాటి కార్నర్‌లో ఆయిల్ లైట్ మిణుకుమంది (ఎన్ఏకి ఎక్కువ, టర్బోకీ తప్పదు)

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వెంటనే యాక్సిలరేటర్ వదిలి పిట్‌కి రండి. కార్నర్‌లో ఆయిల్ సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఒక పక్కకి చేరుకుంటుంది, పీల్చే గొట్టానికి గాలి తగులుతుంది. ఎన్ఏ కారు అదే సమయంలో 7,000 మీద తిరుగుతుంటుంది కాబట్టి బేరింగులకి ఆ ఒక్క సెకనే చాలు. టొయోటా జీఆర్86 విషయంలో పొడుగాటి కుడి కార్నర్లలో ఆయిల్ ప్రెషర్ పడిపోవడం గురించి ఓనర్లలో పెద్ద చర్చే నడిచింది.

సెషన్‌కి ముందు ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉండాలి, దాన్ని దాటకూడదు. ఎక్కువ పోస్తే నురగ వస్తుంది. ప్రతి సెషన్ తర్వాత మళ్లీ చూడండి, ఎక్కువ ఆర్‌పీఎంలో ఇంజన్ ఆయిల్ తాగుతుంది. మాన్యువల్ ఒప్పుకుంటే కాస్త చిక్కటి గ్రేడ్ వాడండి. స్లిక్ టైర్లు (గాళ్లు లేని రేస్ టైర్లు), సెమీ స్లిక్‌లు వేసే ఆలోచన ఉంటే ముందు సంప్‌లో అడ్డు రేకులు పెట్టించండి. గ్రిప్ పెరిగే కొద్దీ ఈ సమస్యా పెరుగుతుంది.

పవర్ ఎక్కువున్న టర్బో కొన్నాను, ల్యాప్ టైమ్ మాత్రం అంతే

ఇంజన్ వైపు చూడకండి, బ్రేకుల వైపు చూడండి. స్ట్రెయిట్ చివర 180కి బదులు 200తో వస్తే బ్రేకులు మింగాల్సిన శక్తి కనీసం 23 శాతం పెరుగుతుంది. టర్బో కారు బరువు కూడా ఎక్కువైతే అది అదనం. రెండు ల్యాపుల్లో బ్రేక్ మీద నమ్మకం పోయి, మీకు తెలియకుండానే ముందుగా బ్రేక్ పట్టడం మొదలుపెడతారు. వచ్చిన లాభం అక్కడే పోతుంది.

పెడల్ మెత్తబడి కిందికి పోతుంటే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగింది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు వేడికి చేతులెత్తేశాయి. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే మరగకుండా కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి. తేమ పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 155. మన తీర ప్రాంతాల ఉక్కలో ఏడాది దాటిన ఫ్లూయిడ్‌తో ట్రాక్‌కి వెళ్లకండి. ఫ్లూయిడ్, ప్యాడ్లు మార్చడం మామూలు షెడ్డులో అరపూట పని.

ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా కారు మార్చాలనే ఉంటే మీరు ఎక్కువ తిరిగే ట్రాక్‌ని బట్టి నిర్ణయించుకోండి. కోయంబత్తూర్ కరి స్పీడ్‌వే 2.1 కి.మీ. మాత్రమే, అక్కడ తేలికపాటి ఎన్ఏ కారు ఎవరికీ తీసిపోదు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉంది, అక్కడ టర్బో లేకపోతే అద్దంలో హెడ్‌లైట్లు చూస్తూ పక్కకి తప్పుకోవడమే పని. చెన్నై ఎండలో రోజంతా తిరగాలంటే నేను ఎన్ఏ వైపే మొగ్గుతాను.

సెషన్ అయ్యాక కాలిన వాసన, కొద్దిగా పొగ (టర్బో)

గట్టి ల్యాప్ నుంచి నేరుగా పిట్‌కి వచ్చి ఇంజన్ ఆపేస్తే టర్బోలో ఆయిల్ ప్రవాహం ఆగిపోతుంది, వేడి మాత్రం అక్కడే ఉంటుంది. షాఫ్ట్ దగ్గర మిగిలిన ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది. ఇలా పదే పదే జరిగితే సీల్స్ పోయి నీలి పొగ మొదలవుతుంది. ఇంజన్ ఆపాక కూడా కూలెంట్ తిప్పే పంపు కొన్ని కార్లకి ఉంటుంది, అయినా దాని మీదే భారం వేయకండి.

చివరి ల్యాప్ పూర్తిగా నెమ్మదిగా తిప్పండి, పిట్‌కి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఇంజన్ ఆన్‌లోనే ఉంచండి. బ్రేకులు ఇంకా సలసల కాగుతుంటాయి కాబట్టి హ్యాండ్‌బ్రేక్ లాగకండి, వేడికి ప్యాడ్ డిస్క్‌కి అంటుకుంటుంది. ఇంజన్ ఆపాక మాన్యువల్ అయితే మొదటి గేర్‌లో, ఆటోమేటిక్ అయితే పార్క్‌లో పెట్టి, చక్రం కింద ఒక రాయో చెక్కో ఆనించండి.