కమిషన్ దుకాణంలో స్పీకర్ ఫోన్: వాడకం, ప్రోగ్రామింగ్

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమిషన్ దుకాణాల్లో, కోల్డ్ స్టోరేజీ ఆఫీసుల్లో సాధారణంగా కనిపించే ఏర్పాటు ఇది: రెండు మూడు ల్యాండ్‌లైన్లు, గోడకి ఒక చిన్న ఈపీఏబీఎక్స్ పెట్టె (బయటి లైన్లని లోపలి ఫోన్లన్నిటికీ కలిపేది), ఓనర్ గారి టేబుల్ మీద డిస్‌ప్లే ఉన్న స్పీకర్ ఫోన్, కాటా దగ్గర ఒకటి, అకౌంట్స్‌లో ఒకటి. బిగించిన మనిషి వెళ్ళిపోయాక ఇక దాన్ని ఎవరూ ముట్టుకోరు. కంపెనీ నుంచి వచ్చిన సెట్టింగులతోనే ఏళ్ళు గడిచిపోతాయి, ఏ ఫోన్ వచ్చినా అన్ని గదుల్లోనూ ఒకేసారి మోగుతుంది, ఎవరో ఒకరు తీస్తారులే అని చివరికి ఎవరూ తీయరు. దీన్ని మార్చుకోవడం కష్టమేమీ కాదు, కాకపోతే బటన్లు నొక్కే ముందు ఒక కాగితం తీసుకోవాలి.

ఆ కాగితం మీద ముందు మీ పని రాయండి. పొద్దున వేలం పాటల టైంలో ఫోన్ ఎవరు తీయాలి, మధ్యాహ్నం భోజనాలప్పుడు ఎవరుంటారు, దుకాణం కట్టేశాక లైన్ ఎక్కడ మోగాలి, రైతులకి ఇచ్చిన నంబర్ ఏది, బయటి రాష్ట్రాల పార్టీలకి ఇచ్చింది ఏది. ఈ పెట్టెల్లో చాలావాటికి పగలు, రాత్రి, కొన్నిటికి లంచ్ అని వేర్వేరు మోడ్‌లుంటాయి, ఏ లైన్ ఏ ఎక్స్‌టెన్షన్లో (అంటే ఏ గది ఫోన్లో) మోగాలో ఒక్కో మోడ్‌కి విడిగా ఇవ్వచ్చు. రైతుల లైన్ పగలు గుమాస్తా దగ్గర, రాత్రి వాచ్‌మన్ గదిలో. పార్టీల లైన్ నేరుగా ఓనర్ గదిలో. సీజన్లో ఒకలా, యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు ఇంకోలా కావాలంటే అదీ ఇప్పుడే రాసుకోండి.

ఇక ప్రోగ్రామింగ్. పానాసోనిక్ టీఈఎస్ 824 లాంటి పెట్టె తీసుకుందాం, మొదట 3 లైన్లు, 8 ఎక్స్‌టెన్షన్లతో వస్తుంది, కార్డులు వేసుకుంటే 8 లైన్లు, 24 ఎక్స్‌టెన్షన్ల దాకా పెరుగుతుంది. దీన్ని మొదటి పోర్టుకి తగిలించిన డిస్‌ప్లే ఫోన్ నుంచి ప్రోగ్రామ్ చేస్తారు: ప్రోగ్రామ్ బటన్, స్టార్, హ్యాష్, తర్వాత పాస్‌వర్డ్. కొత్త పెట్టెలో పాస్‌వర్డ్ 1234. అది మీకు తెలుసు, నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు కాబట్టి లోపలికెళ్ళగానే చేయాల్సిన మొదటి పని దాన్ని మార్చడం. తారీఖు, టైం 000 నంబర్ ప్రోగ్రామ్‌లో ఉంటాయి, అవి సరిగ్గా లేకపోతే రాత్రి మోడ్ పట్టపగలు మొదలవుతుంది. మీది వేరే కంపెనీ పెట్టె అయితే కోడ్‌లు వేరు, దాని మాన్యువల్ చూడండి, మీ కాగితం మాత్రం దేనికైనా పనికొస్తుంది.

పాస్‌వర్డ్‌తో పాటు ఇంకొకటి కూడా చూసుకోండి. బయటి నుంచి ఫోన్ చేసినవాళ్ళు మీ పెట్టెలోకి వచ్చి, మీ లైన్ మీద ఇంకెక్కడికైనా డయల్ చేసుకునే వీలు కొన్ని సిస్టంలలో ఉంటుంది, దాన్ని డీసా అంటారు. ఎక్స్‌టెన్షన్ నంబర్ నొక్కితే నేరుగా ఆ గదికి కలవడానికి కూడా అదే వాడతారు. ఎక్స్‌టెన్షన్ల దాకే ఉంచుకోండి, బయటి లైన్ పట్టుకునే దారి మూసేయండి. మూయకపోతే రాత్రికి రాత్రి ఎవరో విదేశాలకి మాట్లాడుకుని, బిల్లు మీ మీద పడుతుంది.

పాత పెట్టెలున్నవాళ్ళకి వచ్చే పెద్ద చిక్కు సున్నాతో. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేయాలంటే ముందు 0 కొట్టాల్సిందే. అంతకుముందు సేవ్ చేసిన స్పీడ్ డయల్ మొబైల్ నంబర్లలో చాలావాటికి ఆ 0 ఉండదు, అలాంటివన్నీ మళ్ళీ ఎక్కించాలి. వన్ టచ్ బటన్లో పెట్టేటప్పుడు బయటి లైన్ కోసం 9, ఆ తర్వాత 0, ఆ తర్వాత పది అంకెలు. లైన్ పట్టుకోవడం ఆలస్యమైతే 9 తర్వాత ఒక పాజ్ పెట్టండి. ఇక ఎస్టీడీ వెళ్ళకూడదని ఒకప్పుడు 0 మొత్తానికి తాళం వేసిన ఆఫీసుల్లో ఇప్పుడు మొబైల్‌కి కూడా ఫోన్ వెళ్ళదు, లైన్ పాడైందని కంప్లయింట్ ఇస్తారు, లైన్ మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. అంకెల లెక్కతో విడదీద్దామన్నా కుదరదు, విజయవాడ ల్యాండ్‌లైన్‌కి 0866తో కలిపి 11 అంకెలే, 0 పెట్టిన మొబైల్‌కీ 11 అంకెలే. అందుకని విదేశాలకి వెళ్ళే 00కి మాత్రం తాళం ఉంచి, ఒక్క 0ని వదిలేయడమే దారి.

స్పీకర్ వాడకంలో ఎక్కువ ఫిర్యాదు 'అవతలి మాట తెగిపోతోంది' అని. టేబుల్ మీద పెట్టుకునే చాలా స్పీకర్ ఫోన్లు ఒకసారి ఒక వైపు మాటనే పంపుతాయి, ఇటు చప్పుడుంటే అటు గొంతు నొక్కేస్తాయి. మీరు మాట్లాడకపోయినా నెత్తిమీద ఫ్యానో, పక్కన కాలిక్యులేటర్ ప్రింటరో, వాకిట్లో ఆటో దింపుతున్న హమాలీల కేకలో దానికి మాటలాగే వినిపిస్తాయి. పరీక్ష చాలా తేలిక: మ్యూట్ నొక్కండి. అవతలి గొంతు ఒక్కసారిగా స్పష్టంగా వస్తే తప్పు మీ గదిది, లైన్‌ది కాదు. ఫోన్‌ని గోడకి దూరంగా, ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోటికి జరపండి, వాల్యూమ్ తగ్గించండి (పెంచితే ఇంకా ఎక్కువ తెగుతుంది, చాలామంది చేసేది అదే), ఇద్దరూ ఒకేసారి మాట్లాడకండి. కొన్ని ఫోన్లలో స్పీకర్ బదులు మానిటర్ అనే బటన్ ఉంటుంది, దాంతో వినడమే, మైకు ఉండదు, ఎంత అరిచినా లాభం లేదు.

మ్యూట్‌కీ హోల్డ్‌కీ తేడా మీ గుమాస్తాలకి తప్పకుండా చెప్పండి. మ్యూట్‌లో అవతలివాళ్ళ మాట మీకు వినిపిస్తుంది, మీ మాట వాళ్ళకి వినిపించదు. హోల్డ్‌లో ఇద్దరికీ వినిపించదు, లైన్ మాత్రం ఉంటుంది. ఓనర్‌ని అడిగి రేటు చెప్పాలంటే హోల్డే పెట్టాలి.

ఆటో ఆన్సర్ అనే బటన్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అది ఆన్‌లో ఉంటే ఇంటర్‌కం కాల్ రాగానే ఒక బీప్ వచ్చి, ఎవరూ ఎత్తకుండానే స్పీకర్, మైకు తెరుచుకుంటాయి. కాటా దగ్గర ఇది వరం. చేతుల నిండా మిరప ఘాటు ఉన్నవాడు రిసీవర్ పట్టుకుని ఆ చెయ్యి కంటికి తగిలించుకోకూడదు కదా, నిలబడిన చోటినుంచే ఎన్ని టిక్కీలో (మిర్చి బస్తాలు) చెప్పేస్తాడు. ఓనర్ గదిలో, క్యాష్ దగ్గర మాత్రం అస్సలు వద్దు. తేజ రకం మిర్చి ఎంతకి అడుగుతున్నారో మాట్లాడుతుండగా మైకు తెరుచుకుంటే, ఆ బీప్ ఎవరూ పట్టించుకోకపోతే, ఆ మాట కాటా దగ్గర నిలబడ్డ పదిమంది చెవుల్లో పడుతుంది. రేటు మాటలు ఎప్పుడూ రిసీవర్ మీదే. స్పీకర్‌లో ఉండగా రిసీవర్ ఎత్తితే చాలు, స్పీకర్ ఆగిపోతుంది. మళ్ళీ స్పీకర్ కావాలంటే ఆ బటన్ నొక్కి రిసీవర్ పెట్టేయండి. రైతుతో స్పీకర్‌లో మాట్లాడుతుంటే గదిలో ఎవరెవరు ఉన్నారో ముందే చెప్పండి, ఆయన తన అప్పుల సంగతి మీకు చెబుతున్నాడు, గదిలో ఉన్నవాళ్ళందరికీ కాదు.

చివరిగా కరెంటు. పాత రాగి లైన్‌కి కరెంటు ఎక్స్ఛేంజీ నుంచే వచ్చేది, దాదాపు 48 వోల్టులు, ఊర్లో పోయినా మామూలు ఫోన్ పనిచేసేది. ఫైబర్‌కి మారినవాళ్ళ లైన్ ఇప్పుడు ఫైబర్ పెట్టె వెనక ఫోన్ పోర్టు నుంచి వస్తుంది, మీ దగ్గర కరెంటు పోతే అదీ పోతుంది. అందుకని యూపీఎస్‌కి ఈపీఏబీఎక్స్ ఒక్కటే కాదు, ఫైబర్ పెట్టె కూడా తగిలించండి. అన్నీ అయ్యాక ఎక్స్‌టెన్షన్ నంబర్లు తెలుగులో రాసి ప్రతి ఫోన్ పక్కనా అంటించండి, మొదట రాసుకున్న కాగితం కొత్త పాస్‌వర్డ్‌తో సహా బీరువాలో పెట్టండి. రిపేరుకి వచ్చినవాళ్ళు పెట్టెని రీసెట్ చేశారంటే మళ్ళీ అన్నీ ఎక్కించాల్సింది ఆ కాగితం చూసే.