ఆఫీసు థ్రిల్లర్: ఎక్కడ పరిగెత్తాలి, ఎక్కడ ఆగాలి

ఆఫీసులో నడిచే సైకలాజికల్ థ్రిల్లర్‌లో హత్య జరిగినా జరక్కపోయినా, కథ చెప్పేవాళ్ల మాట ఎంతవరకు నమ్మొచ్చు అన్నదే అసలు తిరకాసు. ఇంగ్లిష్‌లో ఈ తరహా నవలలు చాలావరకు 300-350 పేజీలుంటాయి. అధ్యాయాలు పొట్టివి, ప్రతిదీ ఏదో ఒక తలుపు సగం తెరిచి ఆగిపోతుంది. వారపత్రికల సీరియళ్లు చదివినవాళ్లకు ఈ ‘సశేషం’ కిటుకు కొత్తేం కాదు. కాకపోతే అప్పుడు వారం రోజులు బుర్రకు పని ఉండేది, ఇప్పుడు పేజీ తిప్పేస్తాం. రచయితకు కావలసిందీ అదే.

ముందు టైము లెక్క చూసుకోండి. గంటకు 40 పేజీలు చదివితే 320 పేజీలకు 8 గంటలు. శని, ఆదివారాల్లో మూడు విడతలుగా ముగించండి. రోజుకు పది పేజీల చొప్పున నెలంతా సాగదీస్తే, 40వ పేజీలో కనిపించిన డ్రాయర్ తాళం 280వ పేజీలో మళ్లీ వచ్చేసరికి గుర్తుండదు. మలుపు పేలదు, నేరం పుస్తకం మీదికి పోతుంది.

బుక్‌మార్కుగా ఒక తెల్లకాగితం పెట్టుకోండి. మొదటి 30 పేజీల్లోనే పదిమంది ఉద్యోగుల పేర్లు మీద పడతాయి. ఒక్కొక్కరికి ఒక్క లైను చాలు: పేరు, ఎవరి కింద పని, ఎక్కడ కూర్చుంటారు. కుర్చీ సంగతి చిన్నది కాదు. ఎవరి స్క్రీన్ ఎవరికి కనిపిస్తుంది, ఫోన్‌లో మాట్లాడింది ఎవరి చెవిన పడుతుంది అన్నది దానిమీదే ఉంటుంది. హంతకులెవరో ఊహించి ఆ కాగితం మీద రాయకండి. రాస్తే ఆ తర్వాత ప్రతి వాక్యం ఆ ఊహకు సాక్ష్యంలాగే కనబడుతుంది.

ఇక అసలు పని. చూసిందీ అనుకున్నదీ విడదీయాలి. ఉదాహరణకు ఇలా ఉందనుకోండి: “మీటింగ్ నుంచి వచ్చేసరికి నా కప్పు కిటికీ దగ్గరుంది. స్వాతి జరిపి ఉంటుంది.” మొదటి వాక్యం కంటితో చూసింది, రెండోది ఊహ. వేగంగా చదివితే రెండూ కలిసిపోయి ‘స్వాతి కప్పు జరిపింది’ అని మనసులో ముద్ర పడిపోతుంది. ‘ఉంటుంది’, ‘కాబోలు’, ‘అనిపించింది’ తగిలిన చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టండి. ఒకే మనిషి చుట్టూ చుక్కలు పోగవుతున్నాయంటే, ఆ మనిషి గురించి మీకు తెలిసింది దాదాపు ఏమీ లేదు.

పరిగెత్తాల్సినవి: వెంటాడే దృశ్యాలు, లిఫ్ట్‌లో ఉక్కిరిబిక్కిరి, పీడకలలు. ఆగాల్సినవి: ఈమెయిళ్లు, చాట్లు, హెచ్.ఆర్. నోటీసులు, అధ్యాయం పైన ఉండే తేదీ. పాఠకులు సరిగ్గా వీటినే దాటేస్తారు. ఫార్వర్డ్ అయిన మెయిల్ గొలుసులో పాతది సాధారణంగా అడుగున ఉంటుంది, కాబట్టి కిందనుంచి పైకి చదవండి. పంపిన టైము 9:14 అని ఉండి, పంపినావిడ 9:30కి ఆఫీసుకొచ్చానని వెనక అధ్యాయంలో చెప్పి ఉంటే కాగితం మీద రాసుకోండి. మెయిల్‌ను గుట్టుగా ఇంకొకరికి పంపే బీసీసీలో ఉన్న పేరు మిగతావాళ్లకు కనపడదన్నది కూడా గుర్తుండాలి.

మనవాళ్లు తరచూ బోల్తా పడే చోట్లు మరికొన్ని ఉన్నాయి. అమెరికా నవలలో 3/4 అంటే మార్చి 4, బ్రిటన్ నవలలో ఏప్రిల్ 3. అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే సాధారణంగా మన గ్రౌండ్ ఫ్లోరే, అక్కడి మూడో అంతస్తు మనకు రెండోది. కిటికీలోంచి ఎవరైనా పడితే ఈ తేడా చిన్నదేం కాదు! ఇంకా, అమెరికాలో చాలా ఉద్యోగాల్లో నోటీసు లేకుండానే తీసేయొచ్చు. మూడు నెలల నోటీసు పీరియడ్‌కు అలవాటుపడినవాళ్లకు, ఉద్యోగం పోతుందని పాత్రలు వణుకుతుంటే ‘దీనికే ఇంత భయమా’ అనిపించేది అందుకే.

‘మేనేజర్’ అనగానే మగాణ్ని ఊహించుకోకండి. సామ్, అలెక్స్ లాంటి పేర్లు ఎవరివైనా కావచ్చు. హిందీలో క్రియ చాలాసార్లు ఆడా మగా అన్న గుట్టు విప్పేస్తుంది. తెలుగులో ‘నేను వెళ్లాను’ ఏమీ చెప్పదు, ‘మేనేజర్‌గారు వచ్చారు’ కూడా అంతే. తెలుగులో చదివే కథలో ఒక పాత్రకు మాత్రమే ‘ఆమె’, ‘అతను’ ఎక్కడా రాకుండా ‘గారు’తోనే నడుస్తుంటే, అక్కడ కావాలని ఏదో దాస్తున్నారేమోనని చూడండి.

కిండిల్‌లో చదువుతుంటే పాపులర్ హైలైట్స్ (చాలామంది పాఠకులు గుర్తుపెట్టిన వాక్యాల కింద కనిపించే గీతలు) ఆపేయండి. పాత్ర పేరు వెతకబోతే సెర్చ్ పుస్తకమంతటిలోని వాక్యాల్నీ చూపిస్తుంది, ‘శవం’ అన్న మాట కూడా పక్కనే ఉండొచ్చు. దానికన్నా మీ కాగితమే నయం.

పూర్తయ్యాక పుస్తకం వెంటనే మూయకండి. మొదటి అధ్యాయం, మీ చుక్కలున్న పేజీలు మళ్లీ చూడండి, పావుగంట పని. కళ్లారా చూసినట్టు రాసిన సంగతే అబద్ధమైతే, దానికి కారణం కథలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. లేకపోతే అది రచయిత దొంగాట. ‘స్వాతి జరిపి ఉంటుంది’ దగ్గర మోసపోయి ఉంటే మాత్రం రచయితను తిట్టడానికి లేదు.