పాత వాణిజ్య వీధిలో బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్‌ను ఏర్పాటు చేసుకోవడం ఎలా?

కెనడాలోని టొరంటో నగరంలో, బ్లూర్ వీధి పశ్చిమ భాగంలో 1960లలో సబ్‌వే రైలు రావడంతో ట్రామ్ ప్రయాణికులు వీధి మీద కనిపించకుండా పోయారు. ఉన్న కొనుగోలుదారులను కొత్త మాల్స్ ఆకర్షించాయి. వర్తక సంఘం చందాలతో పనులు చేసేది గానీ, చందా ఇవ్వని దుకాణానికీ ఆ ఫలితం దక్కేది. అందుకే, నిర్ణీత హద్దుల్లోని వ్యాపారులందరి నుంచీ నగరపాలక సంస్థే రుసుము వసూలు చేసి, దానిని ఆ వీధి వ్యాపారుల మండలికే అప్పగించే పద్ధతి 1970లో అక్కడ మొదలైంది. దీన్నే బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్ అంటారు. చందాను తప్పనిసరి రుసుముగా మార్చడమే ఈ విధానానికి ప్రాణం.

ఇంగ్లండ్‌లో దీనికి 2003 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఆధారం. అక్కడ ఈ పని తలపెట్టేవారు మొదట హద్దులు గీసుకోవాలి. డబ్బు ఎక్కువ వస్తుందన్న ఆశతో పక్క వీధులను కలుపుకుంటే, ప్రయోజనం కనిపించని ఆ దుకాణదారులే రేపు వ్యతిరేకంగా ఓటేస్తారు. తరువాత ప్రతి దుకాణానికీ వెళ్లి, చెత్త, చీకటి, దొంగతనాలు, ఖాళీ దుకాణాలు, పార్కింగ్ వంటి వాటిలో ఏది ముందు తీరాలో అడిగి, ఆ జవాబుల నుంచే ప్రణాళిక రాయాలి. రుసుము సాధారణంగా ఆస్తికి పన్ను నిమిత్తం నిర్ణయించిన వార్షిక అద్దె విలువలో 1 నుంచి 2 శాతం వరకు ఉంటుంది. మరీ చిన్న దుకాణాలను మినహాయించడం న్యాయమూ, తెలివైన పనీ కూడా.

చాలామంది తేలికగా తీసుకునే విషయం ఒకటుంది. కౌన్సిల్ (అక్కడి స్థానిక పాలక సంస్థ) ఇప్పటికే అందిస్తున్న పారిశుద్ధ్యం, దీపాల వంటి సేవల స్థాయిని ముందే రాతపూర్వకంగా ఖరారు చేసుకోవాలి. లేదంటే మండలి చీపురు పట్టిన మరునాడే కౌన్సిల్ తన చీపురు పక్కన పెట్టే అవకాశం ఉంది.

ప్రణాళిక సిద్ధమయ్యాక, రుసుము కట్టాల్సినవారు దానిపై తపాలాలో ఓటు వేస్తారు. అది ఆమోదం పొందాలంటే ఈ ఓటింగులో రెండు ఆధిక్యతలూ రావాలి: పోలైన ఓట్ల సంఖ్యలోనూ, ఆ ఓటర్ల ఆస్తుల మొత్తం విలువలోనూ. పెద్ద దుకాణాలు చిన్నవాటి మీద గానీ, చిన్నవి పెద్దవాటి మీద గానీ తమ ఇష్టాన్ని రుద్దకుండా ఉండేందుకే ఈ రెండు షరతులు. అనుమతి గరిష్ఠంగా ఐదేళ్లు; కొనసాగాలంటే మళ్లీ ఓటింగు తప్పదు. కాబట్టి మొదటి ఏడాదే పూలతొట్లు, బెంచీలు, దీపాలు, శుభ్రత వంటి కంటికి కనిపించే పనులు చేయాలి. వీధిలో తిరిగేవారి సంఖ్యనూ, ఖాళీ దుకాణాల సంఖ్యనూ మొదటి నెల నుంచే నమోదు చేయాలి.

వీధి బాగుపడితే అద్దెలూ పెరగవచ్చు. ఇంగ్లండ్‌లో రుసుము కట్టేది సాధారణంగా దుకాణం నడిపేవారే గనుక, లాభం భవన యజమానికి, భారం అద్దెదారుకు మిగిలే ప్రమాదముంది. భవన యజమానులను మొదటి సమావేశం నుంచే కూర్చోబెట్టి, వారు స్వచ్ఛందంగా ఇవ్వగల వాటాను ఓటింగుకు ముందే ప్రణాళికలో రాయించుకోవడం మంచిది.