ఆఫీసు ఫోన్ సిస్టమ్ తయారీ ఆపేశారా? కొత్తది ఎంచుకునే ముందు ఇవి చూసుకోండి

ఆఫీసులో ఏళ్ల తరబడి గోడకు వేలాడుతున్న ఈపీఏబీఎక్స్‌ను (ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే డబ్బాను) కంపెనీ ఇక తయారు చెయ్యదని తెలియగానే చాలామంది కొత్త సిస్టమ్‌ల ఫీచర్ల పట్టికలు ముందేసుకుని కూర్చుంటారు. ఆ పని ఆఖర్న పెట్టుకోండి. తయారీ ఆగినంత మాత్రాన రేపు పొద్దున్నే ఫోన్లు మూగబోవు. ఇలాంటి సిస్టమ్‌లు తయారుచేసిన నోర్టెల్ 2009లో దివాలా తీసింది, తోషిబా 2017లో ఫోన్ల వ్యాపారం నుంచి తప్పుకుంది, అయినా వాటి పాత సిస్టమ్‌లు ఆ తర్వాత కూడా చాలా ఆఫీసుల్లో మోగుతూనే ఉన్నాయి. మెల్లగా కరువయ్యేవి స్పేర్ కార్డులు, అదనపు లైసెన్సులు, ఆ డబ్బా గురించి తెలిసిన టెక్నీషియన్లు. కాబట్టి ముందు కాస్త టైమ్ కొనుక్కోండి: ప్రోగ్రామింగ్ మొత్తం బ్యాకప్ తీయించండి, ఇన్‌స్టాల్ చేసినవాళ్ల దగ్గరున్న పాస్‌వర్డ్ రాయించుకోండి, వాడినదైనా సరే ఒక పవర్ సప్లై, రెండు మూడు హ్యాండ్‌సెట్లు తెచ్చి పక్కన పెట్టుకోండి. ఒకవేళ మీ సిస్టమ్ ఇంటర్నెట్‌కు కనెక్ట్ అయి ఉండి, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఆగిపోయి ఉంటే మాత్రం ఇంత నిదానం పనికిరాదు, దాన్ని బయటి నెట్‌వర్క్ నుంచి వెంటనే తప్పించాలి.

తర్వాత ఆ డబ్బాలోంచి బయటికొచ్చే ప్రతి వైరూ ఎక్కడికి పోతోందో చూడండి. విసుగు పని, కానీ తప్పదు. బల్లల మీద ఫోన్లు అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి లిఫ్టులో ఎమర్జెన్సీ ఫోన్, ఫైర్ అలారం డయలర్, గేటు దగ్గర డోర్‌ఫోన్, గోడౌన్‌లో అనౌన్స్‌మెంట్ స్పీకర్, మూలనున్న ఫ్యాక్స్, పాత కార్డ్ స్వైప్ మెషీన్. కొత్త సిస్టమ్ పెట్టి, పాత లైన్లు కట్ చేశాక లిఫ్టులో ఎవరో ఇరుక్కుంటే తప్ప ఆ ఫోన్ పోయిందని తెలియని పరిస్థితి వద్దు. లిఫ్టు, ఫైర్ అలారం సంగతి వాటిని మెయింటైన్ చేసేవాళ్లతో, మీ దగ్గరున్న నిబంధనలతో సరిచూసుకున్నాకే ముట్టుకోండి. మామూలు అనలాగ్ ఫోన్లను చిన్న అడాప్టర్ పెట్టి కొత్త సిస్టమ్‌కు కలపొచ్చు. పాత కంపెనీ సొంత డిజిటల్ హ్యాండ్‌సెట్లు మాత్రం దాదాపుగా ఇంకెక్కడా పనిచెయ్యవు. ఫ్యాక్స్ ఇంకా నిజంగా అవసరమైతే టీ.38 (ఇంటర్నెట్ మీద ఫ్యాక్స్ పంపే పద్ధతి) సపోర్ట్ ఉందా అని అడగండి, ఉందన్నా మీ మెషీన్‌తోనే పది పేజీలు పంపి చూడండి.

అసలు విషయం ఇప్పుడు చెబుతా. పాత చిన్న సిస్టమ్‌లలో ఫోన్ మీద లైన్ 1, లైన్ 2 అని లైట్లు వెలుగుతుంటాయి కదా, రిసెప్షన్‌లో ఒకరు కాల్ ఎత్తి హోల్డ్‌లో పెట్టి "సార్, రెండో లైన్‌లో మీకు" అని కేకేస్తే లోపలున్నాయన ఆ బటన్ నొక్కి మాట్లాడతాడు. కొత్త సిస్టమ్‌లు చాలావరకు ఇలా ఉండవు, అక్కడ లైన్లు కాదు ఎక్స్‌టెన్షన్లు ఉంటాయి, కాల్‌ను ఫలానా మనిషికి ట్రాన్స్‌ఫర్ చెయ్యాలి, లేదంటే పార్క్ చెయ్యాలి, అంటే ఏ ఫోన్ నుంచైనా తీసుకునేలా ఒక నంబరు మీద ఆపి ఉంచాలి. కాగితం మీద ఇది చిన్న తేడా. కానీ కొత్త సిస్టమ్ మీద వచ్చే తిట్లలో సగం దీనివల్లేనని నా అభిప్రాయం. అందుకే ఒకరోజంతా రిసెప్షన్ దగ్గర కూర్చుని చూడండి: కాల్ ఎవరు ఎత్తుతున్నారు, ఎత్తకపోతే ఎవరికి పోతోంది, భోజనాల టైమ్‌లో ఏమవుతోంది, సాయంత్రం ఆఫీసు మూశాక ఏమవుతోంది. అన్నీ ఒక కాగితం మీద రాసి, "దీన్ని మీ ఫోన్ మీద ఇప్పుడే చేసి చూపించండి" అని వెండర్‌ను అడగండి. స్లైడ్లు చూపిస్తానంటే వద్దనండి. షేర్డ్ లైన్ సదుపాయం ఉన్న సిస్టమ్‌లు కొన్ని ఉన్నాయి, మీవాళ్లు పాత పద్ధతి వదలనంటే అలాంటిదే వెతుక్కోండి.

ఇక క్లౌడా (సిస్టమ్ వెండర్ సర్వర్లలో ఉండి, ఇంటర్నెట్ ద్వారా అందేది), సొంత ఐపీ పీబీఎక్సా (మీ ఆఫీసులోనే ఉండి, కంప్యూటర్ నెట్‌వర్క్ మీద ఫోన్లు నడిపేది)? పదీ ఇరవై మంది ఉండి, కొందరు బయట తిరుగుతూ, ఐటీ మనిషి లేని ఆఫీసుకు క్లౌడ్ మేలు. ఒకే బిల్డింగ్‌లో వంద ఫోన్లుండి, లోపలి కాల్సే ఎక్కువైతే, ఇంటర్నెట్ అప్పుడప్పుడు పోతుంటే సొంతది పెట్టుకోవడమే నయం. ఆస్టరిస్క్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, బాగానే పనిచేస్తుంది, కానీ దాన్ని చూసుకునే మనిషి రేపు ఉద్యోగం మానేస్తే ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోండి. ఏది తీసుకున్నా ఫోన్లు సిప్ ప్రమాణం (ఇంటర్నెట్ ఫోన్లకు వేర్వేరు కంపెనీలు ఉమ్మడిగా వాడే పద్ధతి) పాటించేవీ, ఒకే కంపెనీకి లాక్ చెయ్యనివీ అయి ఉండాలి. లేకపోతే ఆ కంపెనీ కూడా ఇదే పని చేసినప్పుడు హ్యాండ్‌సెట్లన్నీ మళ్లీ కొనాలి.

నెట్‌వర్క్ గురించి వెండర్లు తేలిగ్గా మాట్లాడతారు, మీరు నమ్మకండి. జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే ఒక పద్ధతి) ఒక కాల్‌కు ఒక్కో దిక్కున సెకనుకు సుమారు 90 కిలోబిట్లు చాలు, అంటే ఒకేసారి పది కాల్స్ అన్నా ఒక మెగాబిట్ దాటదు. కాబట్టి స్పీడ్ సమస్య కాదు, నిలకడే సమస్య. ఆలస్యం ఒక దిక్కున 150 మిల్లీసెకన్లు దాటకూడదు, ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా) ఒక శాతం లోపే ఉండాలి. ఇవి ఆదివారం కాదు, ఆఫీసు కిటకిటలాడే టైమ్‌లో కొలవండి. రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే (కాల్ సమాచారాన్ని మధ్యలో మార్చే) ఆప్షన్ ఉంటే ఆపేసి చూడండి, ఒకవైపు మాటే వినపడటం, కాల్ మధ్యలో తెగిపోవడం చాలాసార్లు దానివల్లే. పాత టెలిఫోన్ వైరింగ్ మీద ఐపీ ఫోన్లు మామూలుగా నడవవు, కొత్త కేబుల్ ఖర్చు కొటేషన్‌లో ఉందో లేదో చూడండి. పాత సిస్టమ్ కరెంటు పోయినా బ్యాటరీ మీద నడిచేదేమో, ఇప్పుడు రౌటర్‌కూ స్విచ్‌కూ కూడా యూపీఎస్ కావాలి.

సెక్యూరిటీకి రెండు మాటలు. అవసరం లేకపోతే విదేశీ కాల్స్ మొదటిరోజే బ్లాక్ చేయించండి, ఎక్స్‌టెన్షన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టకండి. ఇలాంటి సిస్టమ్‌ల కోసం ఇంటర్నెట్ మీద ఎప్పుడూ వెతుకుతుండే మోసగాళ్లున్నారు, వాళ్లు చొరబడి మీ లైన్ల మీద విదేశాలకు కాల్స్ చేస్తే ఒక్క వీకెండ్‌లో బిల్లు వాచిపోతుంది.

కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టే ముందు నంబర్ల సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి. మీ పాత నంబర్లు కొత్త చోటికి పోర్ట్ అవుతాయా, రేపు వీళ్లను వదిలేసి పోతే మీతో తీసుకుపోవచ్చా? పోర్టింగ్ పూర్తయ్యేదాకా పాత లైన్ క్యాన్సిల్ చెయ్యకండి, ముందే క్యాన్సిల్ చేస్తే నంబరు చేతికి దొరక్కుండా పోవచ్చు. మార్పు కూడా అందరికీ ఒకేరోజు పెట్టకుండా, ఫోన్ ఎక్కువగా వాడే ఇద్దరు ముగ్గురికి ముందు కొత్త సెట్లు ఇచ్చి రెండు వారాలు వాడనివ్వండి, వాళ్ల ఫిర్యాదులు తీరాక మిగతావాళ్లకు ఇవ్వండి. అంతా మారాక కూడా లిఫ్టు, అలారం, ఫ్యాక్స్ ఒక్కొక్కటీ చేత్తో టెస్ట్ చేసేదాకా పాత డబ్బా ప్లగ్ పీకకండి.