టేబుల్ సా కొంటున్నారా? ముందు ఫెన్స్ పట్టుకుని ఊపండి

ఇంట్లో చిన్నాచితకా చెక్కపనికి కాంపాక్ట్ టేబుల్ సా (బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే రంపం) కొనేవాళ్లు మొదట అడిగేది మోటారు ఎన్ని వాట్లని. ప్లైవుడ్, మామూలు టేకు పలకలు కోసుకోవడానికి అది అంత పెద్ద విషయం కాదు, అసలు చూడాల్సింది ఫెన్స్, అంటే కోసేటప్పుడు చెక్కని ఆనించి తోసే పక్క పట్టీ. దాన్ని బిగించి, వెనక చివర పట్టుకుని పక్కకి నెట్టండి. కదిలిందా, ఎంత డిస్కౌంట్ ఇస్తానన్నా వద్దు.

తర్వాత ప్లగ్ పీకేసి, బ్లేడు పూర్తిగా పైకి లేపి, ఒక పన్నుకి స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టండి. ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు బల్ల మీద పొడుగ్గా ఉండే గాడికి, అంటే మైటర్ స్లాట్‌కి ఎంత దూరంలో ఉందో కొలిచి, అదే పన్నుని వెనకవైపుకి తిప్పి మళ్లీ కొలవండి (వేరే పన్నుతో కొలిస్తే లెక్క తప్పొచ్చు, బ్లేడే కాస్త వంకర ఉండొచ్చు కదా). రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా ఉండి, సరిచేసుకునే స్క్రూలు కూడా లేకపోతే కోసిన అంచు మీద కాలిన మచ్చలు పడతాయి, చెక్క ఇరుక్కుని మీ మీదకే ఎగిరొచ్చే ప్రమాదమూ ఉంది.

బ్లేడు వెనక ఉండే రివింగ్ నైఫ్ (కోసిన చెక్క మూసుకుపోయి బ్లేడుని బిగించకుండా ఆపే రేకు) బ్లేడుతో పాటే పైకీ కిందకీ కదలాలి. అది లేని మెషీన్ చవగ్గా వచ్చినా నేనైతే కొనను. మైటర్ స్లాట్ వెడల్పు 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం ఉంటే, చెక్కని సరిగ్గా పట్టి నడిపే జిగ్‌లు తేలిగ్గా దొరుకుతాయి. కూడా వచ్చే బ్లేడు గురించి పెద్దగా పట్టించుకోకండి, దాన్ని ఎలాగూ మార్చేస్తారు.